గృహారోగ్యము: ఱెప్పపాటు



నలచరిత్ర మెఱుగని తెలుగు గృహిణి యరుదు. స్వయంవర మండపమున ఒకే రూపముతో అయిదుగురు నలులు కూర్చుండియుండిరి. వారిలో నలువురు దేవతలు, ఒక్కడే మనుష్యుడు. దేవతలకు చెమట పట్టదు, వారి పూలమాలలు వాడవు, పాదములు నేల నంటవు, ఱెప్పలు వాలవు. ఎవని ఱెప్పలు వాలుచున్నవో అతడే తన నలుడని దమయంతి గుర్తించి మాల వేసినది. చిన్ననాట మా తండ్రిగారు ఈ కథ చెప్పినప్పుడు, ఱెప్ప వాల్చుట మనుష్యులకు గల కొఱత కాబోలునని నేననుకొంటిని. అది కొఱత కాదనియు, మన కంటికి అదియే రక్షయనియు తెలిసికొనుటకు నాకు ముప్పదియేండ్లు దాటవలసి వచ్చినది. ఈ మాసము ఆ సంగతినే మీకు విన్నవించెదను.

మా బాపులపాడు విజయవాడనుండి ఏలూరునకు పోవు రాజమార్గము మీద నున్నది. హనుమాన్ జంక్షనను కూడలి మా మండలములోనిదే. అటనుండి నూజివీడు వైపు పోయినకొలది మామిడితోటలే. పూతకాలమున గాలిలో పుప్పొడి, వేసవిని రహదారి ధూళి, కోతకాలమున లారీల రాకపోకలు, ఇంటింట ఆవకాయకై దంచు కారము: ఇన్నింటి నడుమ కన్నులు మండుట మాకు వింత కాదు. కావుననే మా యింటిలో ఒకరి కన్నులు మండుచున్నను నేను చాలకాలము గమనింపలేదు.

మా యత్తగారు అరువదియైదేండ్లు దాటినవారు. ప్రతిదినము సంధ్యాదీపము వెలిగించిన పిమ్మట వీధియరుగుపై కూర్చుండి భాగవతము పైకి చదువుట వారికి అలవాటు. గడచిన మాఘమాసము మొదలు, రెండు పద్యములు చదువునంతలో పుస్తకము మూసి, కొంగుతో కన్నులు తుడుచుకొనసాగిరి. వీధిని పోవువారు దానిని చూచిరి. కొన్నాళ్లకు నీళ్ల కొళాయి యొద్ద ఒక పిన్నిగారు నన్ను ప్రక్కకు పిలిచి, "అమ్మాయీ, మీ యత్తగారు రోజూ అరుగుమీద కూర్చుండి యేడ్చుచున్నారట. ఇంటిలో ఏమైన మాట వచ్చినదా?" అని యడిగిరి.

నాకు తల తీసివేసినట్లైనది. ఆ రాత్రి నిదుర పట్టక, నేనన్న ప్రతిమాటను తలచుకొంటిని. పప్పులో ఉప్పు గుఱించి ఒకనాడు విసుగుకొంటిని, అది కాబోలు. వారి చెల్లెలు వచ్చినప్పుడు పిండివంట చేయలేదు; అది కాబోలు. మఱునాడు ధైర్యము తెచ్చుకొని వారినే యడిగితిని. వారు నవ్విరి. "ఏడ్చుట యెందుకమ్మా? కన్నులలో ఇసుక పోసినట్లున్నది. అక్షరములు అలుకుకొనిపోవుచున్నవి. ఆపైన ఈ పాడునీరు ఒకటే కారుట" అనిరి.

అప్పుడు నేను చేసిన పని చెప్పుటకు సిగ్గుగానున్నది. ఐనను మీరది చేయకుండుటకై చెప్పెదను. మందులకొట్టునకు పోయి, "ఎఱ్ఱబడిన కన్నులకు చుక్కలమందిండు" అని కొని తెచ్చితిని. రెండు దినములలో ఎఱుపు తగ్గినది. మంట తిరిగి వచ్చినప్పుడెల్ల ఆ సీసాయే, ఆపై మఱియొక సీసా. ఇట్లు రెండు మాసములు గడచినవి. అప్పటికిని నెమ్మది లేకపోగా విజయవాడలో ఒక కంటి వైద్యురాలికి చూపించితిమి.

ఆమె సన్నని కాగితపు ముక్కను మా యత్తగారి క్రింది ఱెప్పలో నుంచి, అయిదు నిమిషములు కన్నులు మూసికొని యుండుడనిరి. ఇది జర్మనీ దేశపు వైద్యుడు షిర్మరు 1903వ సంవత్సరమున వెల్లడించిన పరీక్ష. ఆ కాలములో కాగితము పది మిల్లీమీటర్లో అంతకు మించియో తడిసినచో సాధారణముగా కన్నీరు చాలినంత యున్నట్లెంతురు. అయిదుకు లోబడినచో కన్ను మిక్కిలి యెండియున్నదన్నమాట. మా యత్తగారి కాగితము నాలుగు మిల్లీమీటర్లే తడిసినది. పిదప ఒక పచ్చని రంగుచుక్క వేసి, ఱెప్ప వాల్పక యుండుడని చెప్పి, కంటిమీది తడిపొర ఎన్ని క్షణములలో చిట్లునో చూచిరి. పది సెకండ్లయినను నిలువవలసిన పొర మూడు నాలుగింటికే చిట్లినది. "మీకు పొడికన్ను" అని వైద్యురాలు తేల్చిరి.

"నిలువున నీరు కారు కంటిని పొడికన్నందురేమి?" అని నేనడిగితిని. ఆమె చెప్పినదానిని నాకు తెలిసిన వంటింటి భాషలో మీకు చెప్పెదను.

మన కంటిమీద నిరంతరము ఒక పలుచని తడిపొర యుండును. దానిలో మూడు ద్రవ్యములు కలవు. కంటినంటి జిగురువంటి పదార్థము. దానివలన నీరు జాఱక కంటికి పట్టుకొనును. దానితో కూడి నీరు. ఇది కంటిపైభాగమున వెలివైపునున్న గ్రంథినుండి వచ్చును. అన్నిటికి పైన సన్నని నూనె. ఆవకాయ జాడీలో పైకి తేలిన నూనె క్రిందిదానిని గాలి సోకకుండ కాపాడునట్లే, ఈ నూనె క్రింది నీటిని ఆఱిపోకుండ కాపాడును. ఈ నూనె నిచ్చు గ్రంథులు ఱెప్పల యంచులలో వరుసగా నుండును. పై ఱెప్పలో ముప్పదికి అటునిటుగా, క్రింది ఱెప్పలో అంతకు కొంచెము తక్కువగా. 1666లో మైబోమను జర్మను వైద్యుడు వీనిని వర్ణించుటచే మైబోమియను గ్రంథులని పేరు వచ్చినది. ఱెప్ప వాలినప్పుడెల్ల ఈ నూనె కొంచెము పిండబడి, పొర క్రొత్తగా పఱచుకొనును.

ఈ నూనె గడ్డకట్టినను, నీరు తగ్గినను పొర చిట్లి, కన్ను ఒరసికొని మండును. మంట తోచగానే కన్ను తత్తఱపడి ఒక్కసారి నీటిని కుమ్మరించును. ఆ నీటిలో నూనెపాలు చాలదు. కావున అది కంటిని తడుపక చెక్కిలిపై జాఱిపోవును. ఎండిన చేనిపై పడిన గాలివాన నేల నింకక పాఱిపోయినట్లే యని తలపుడు. ఇదియే మా యత్తగారి కన్నీటి రహస్యము. ఇది తెలియక ఎందఱు కోడండ్రు నిందలు మోసిరో!

ఇది క్రొత్త రోగము కాదు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున, వాతమువలన కలుగు నేత్రరోగములలో శుష్కాక్షిపాక మనునొకటి చెప్పబడినది. ఱెప్పలు బిరుసెక్కి ముడుచుకొనుట, చూపు మసకబాఱుట, కన్ను తెఱచుట కష్టమగుట దాని లక్షణములు. మా తండ్రిగారి యొద్ద ఆ శ్లోకము చదివినప్పుడు అది మా యింటి యరుగుపైనే కాన్పించునని నేనెఱుగను.

ఇక చుక్కలమందు సంగతి. ఆ సీసాపై చిన్నయక్షరములను చదివి వైద్యురాలు తల పంకించిరి. దానిలో స్టెరాయిడు కలదు. అది ఎఱుపును త్వరగా అణచును గాని, చాలకాలము వాడినచో కొందఱికి కంటిలోని యొత్తిడి పెరుగును. అది నీటికాసులకు దారితీసి, పోయిన చూపు మరల రాకుండ చేయును. శుక్లమును గూడ త్వరగా తెచ్చును. మా యత్తగారికి ఒత్తిడి అప్పటికే పెరిగియుండినది. మందు మాన్పించిన కొన్ని వారములకు దైవవశమున తిరిగి సమస్థితికి వచ్చినది. ఇంకొక యేడు నేనట్లే కొని తెచ్చుచుండినచో, సేవ చేయుచున్నాననుకొనుచు వారి చూపును నాచేతులారా తీసియుందును. వైద్యుని సెలవు లేనిదే కంటిలో మందు వేయరాదని అప్పుడు నేర్చుకొంటిని.

ఈ రోగము స్త్రీలను అధికముగా బాధించును. ముట్లుడిగిన పిమ్మట శరీరములో కలుగు మార్పులవలన నూనెగ్రంథులు మందగించును. జలుబునకు, దురదకు, రక్తపు పోటునకు, మనోవ్యాధికి వాడు మందులు కొన్ని కన్నీటిని తగ్గించును. మధుమేహము, థైరాయిడు రోగము గలవారికి ఇది తఱచు. కన్నుతో పాటు నోరుగూడ ఎండిపోవుచు, కీళ్లు నొచ్చుచున్నచో షోగ్రెను వ్యాధి యేమోయని పరీక్షింపవలెను. స్వీడను దేశపు నేత్రవైద్యుడు షోగ్రెను 1933లో దానిని విపులముగ వర్ణించెను. దాని పాలబడువారిలో పదింట తొమ్మండుగురు స్త్రీలే.

వీనికి తోడు మన వంటిల్లొకటి. కట్టెపొయ్యి పొగ కంటికి ప్రబలశత్రువు. 1999లో అప్పటి ఉమ్మడి రాష్ట్రమున దీపము పథకముచే బీదయిండ్ల స్త్రీలకు గ్యాసుపొయ్యిలు వచ్చుట నేత్రములకును మేలే. ఐనను పెరటిలో నీళ్లు కాచుటకు, పెండ్లివంటలకు కట్టెలే గదా! పొయ్యి గాలివాలున నుంచి మీరు ఎదురుగాలివైపు కూర్చుండుడు. పొగ మీమీదకు రాదు.

ఇంక నొకటి కలదు. ఊరక కూర్చుండినప్పుడు నిమిషమునకు సుమారు పదునైదు మారులు ఱెప్ప వాల్చెదము. సెల్‌ఫోను చూచునప్పుడు అది అయిదాఱు మారులకు తగ్గును. వాలిన ఱెప్పయు పూర్తిగ మూయబడదు. చీరల బొమ్మలు చూచుచున్న నన్ను మా అమ్మాయి ఒకనాడు లెక్కించి, "అమ్మా! నిమిషమునకు నాలుగేసారులు" అని చెప్పినది. దేవతల వలె ఱెప్ప వాల్పక చూచుటకు మనమెవ్వరము? మా వారు ఉపాధ్యాయులు. పత్రములన్నియు ఫోనులోనే నింపవలెను. ఇట్లు ఒకే యింట ముగ్గురము కన్నులు నలుపుకొనుచుంటిమి.

ఇప్పుడు మా యింటిలో ఏర్పఱచుకొన్న నియమములను చెప్పెదను. వైద్యురాలు చెప్పినవే, ఖర్చు లేనివే.

మొదటిది కాపడము. శుభ్రమైన మెత్తని గుడ్డను వేడినీటిలో ముంచి పిండి, ముంజేతిపై నుంచి వేడి చూచుకొని, మూసిన కన్నులపై పది నిమిషములుంచుడు. చల్లాఱగానే మరల ముంచుడు. మార్గశిరపు చలికి పేరుకొన్న నెయ్యి కొంచెము వేడి సోకగానే కరుగును గదా! ఱెప్పలలోని నూనెయు నట్లే. పిదప శుభ్రమైన వ్రేలితో పై ఱెప్పను క్రిందికి, క్రింది ఱెప్పను పైకి, వెండ్రుకలవైపుగా మెల్లగ ఒత్తి, అంచులను తడిగుడ్డతో తుడువుడు. ప్రతివారికి వేఱువేఱు గుడ్డ యుండవలెను. ఇది ఒకనాటితో ఫలించునది కాదు. మా యత్తగారికి మూడు వారములు పట్టినది.

రెండవది ఱెప్పపాటు. ఇరువది నిమిషముల కొకసారి పుస్తకమునుండి గాని ఫోనునుండి గాని తలయెత్తి, ఇరువది యడుగుల దూరమునకు మించినదానిని ఇరువది సెకండ్లు చూడుడు. మా యరుగునుండి ఎదుటి యింటి వేపచెట్టు సరిగా అంత దూరము. పిదప కన్నులు మెల్లగ పూర్తిగ మూసి, రెండెంచి తెఱవుడు. అయిదారు మారులు చేయుడు. ఫోనును కంటిచూపునకు కొంచెము దిగువగ పట్టుకొనుడు. అప్పుడు ఱెప్పలు సగము వాలి, కన్ను తక్కువ ఆఱును.

మూడవది గాలి. పంకాగాలి, శీతలయంత్రపు గాలి, బస్సు కిటికీగాలి నేరుగ ముఖమునకు తగులరాదు. మంచము దిశ మార్చుడు. బయటకు పోవునప్పుడు అద్దములు ధరింపుడు. ఎండకును ధూళికిని అవి అడ్డు.

నాలుగవది కృత్రిమాశ్రువులు. మందులేని ఈ తడిచుక్కలనే వైద్యులు సాధారణముగ మొదట నిత్తురు. దినమునకు నాలుగు మారులకంటె నెక్కువ వేయవలసినచో, నిలువమందు కలపని రకము అడిగి తీసికొనుడు. సీసా మొన కంటికి గాని వ్రేలికి గాని తగులనీయకుడు. తెఱచిన సీసాకు ఎన్నాళ్లు గడువో దానిపై చదివి, తెఱచిన తేదీని వ్రాసి, గడువు మీఱినదానిని పాఱవేయుడు.

అయిదవది ఆహారము. పిల్లల కన్నులు ఎండుటకు మఱియొక కారణము కలదు. అది ఏ విటమిను లోపము. మొదట రేచీకటి వచ్చును. పిదప తెల్లగ్రుడ్డు కాంతి తఱగి, నురుగువంటి మచ్చలు కనుపడును. ఉపేక్షించినచో నల్లగ్రుడ్డు కరగి అంధత్వము కలుగును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన పరిశోధనల బలముచేత 1970లో భారతదేశమున పిల్లలకు ఏ విటమిను ద్రవము త్రాగించు కార్యక్రమ మారంభమైనది. తొమ్మిదవ మాసమున మొదలుపెట్టి అయిదేండ్లు నిండువఱకు ఆఱేసి మాసముల కొకసారిగా తొమ్మిది మోతాదులు; మానకుడు. మునగాకు, తోటకూర, బొప్పాయి, మన పండిన మామిడి, ఇవి శరీరములో ఆ విటమినుగ మాఱు పదార్థము గలవి. కొంచెము నూనెయో నెయ్యియో కలిసిననే అది వంటబట్టును. పప్పుమీద నేయి వేయు మన పెద్దల తెలివి చూడుడు! కాని, మామిడిపండు ముసలివారి పొడికన్నును కుదుర్చునని నేను చెప్పజాలను. చేపనూనె గుళికల పేరును మీరు వినియుందురు. 2018లో అమెరికాలో వెలువడిన పెద్ద పరిశోధనలో అవి ఆలివునూనెకంటె ఎక్కువ మేలు చేయలేదని తేలినది. వాని ధనముతో కూరగాయలు కొనుడు.

చేయరాని పనులు గూడ చెప్పవలెను. కంటిలో చనుబాలు, ఆముదము, తేనె, నెయ్యి, త్రిఫలాకషాయము పోయకుడు. శాస్త్రమున అంజనములు లేవా యని మీరడుగవచ్చును; కలవు గాని, వానిని శుద్ధిచేయు విధానము వేఱు, మన గిన్నెలోని కషాయము వేఱు. క్రిములు చేరిన ద్రవము ఎండిన కంటిలో పుండు పుట్టించును. కొట్టులోని కొన్ని కాటుకలలో, సుర్మాలలో సీసము కనబడినది, పసిబిడ్డలకు పెట్టకుడు. పెద్దలు పెట్టుకొన్నను ఱెప్ప లోపలి యంచున రుద్దక, వెండ్రుకలకు వెలుపల పెట్టి, రాత్రి తుడిచి పరుండుడు. లేనిచో ఆ నూనెద్వారములు మూసికొనును. ఎంత దురదయైనను కన్ను నలుపకుడు.

మామిడికోతలవేళ మఱియొక జాగ్రత్త. చిక్కముతో కాయ కోయుచు పైకి చూచువారి కంటిలో సొన పడుట కద్దు. పడిన వెంటనే శుభ్రమైన నీటితో పావుగంట కడిగి వైద్యునికి చూపుడు. పుల్లయో ఆకో గీచినచో, కన్ను మిక్కిలి నొచ్చినచో, వెలుతురు చూడలేకున్నచో, చూపు హఠాత్తుగ తగ్గినచో, నల్లగ్రుడ్డుపై తెల్లమచ్చ కనుపడినచో కాపడములతో కాలయాపన చేయకుడు. ఆ దినమే పొండు.

దూరము పోవలెనని జంకకుడు. మాకు చేరువ ఏలూరు ప్రాంతపు సోమవరప్పాడులో 1908లో జన్మించిన ఎల్.వి.ప్రసాదుగారు 'షావుకారు', 'సంసారం', 'మిస్సమ్మ' చిత్రములను తీసి మన అమ్మమ్మలను నవ్వించి యేడ్పించిరి. డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు 1987లో హైదరాబాదున నెలకొల్పిన నేత్రవైద్యసంస్థకు వారు భూమిని, ధనమును దానముచేయగా వారి పేరే దానికి పెట్టిరి. విజయవాడ చెంత తాడిగడపలోను దాని శాఖ యున్నది. స్త్రీలచే కన్నీరు పెట్టించిన దర్శకుని పేరు నేడు వారి కన్నీటిని కాపాడు ఆలయమునకు నిలిచినది.

ఈ రోగము పూర్తిగ మాయునని ఆశపెట్టను. కార్తికమున కుదుటపడిన కన్ను వేసవిని మరల మండవచ్చును. పండ్లు తోముకొనునట్లే దీనిని దినదినము సవరించుకొనుచుండవలసినదే.

మా యత్తగారు మరల అరుగుమీద చదువుచున్నారు. వారికి నిమిషములు లెక్కించుట విసుగు. అందుచే ఒక ఉపాయము పన్నితిమి: పద్యము ముగిసినప్పుడెల్ల కన్నులు మూసి, స్వామిని ఒకసారి తలచి, తెఱచి తరువాతి పద్యము చదువుట. వైద్యురాలు విని, తాను చెప్పినదానికంటె ఇదియే మేలనిరి. మొన్న గజేంద్రమోక్షము నడుచుచుండ కొళాయియొద్ది పిన్నిగారు ఆగి, కన్నులు మూసిన మా యత్తగారిని చూచి, "మరల ఏడ్చుచున్నారా యేమి?" అని నాతో మెల్లగ ననిరి. ఆ మాట విని మా యత్తగారు కన్ను తెఱవకయే, "లేదమ్మా! మా కోడలు ఱెప్ప వాల్చుట నేర్పినది" అనిరి.

సోదరులారా, ఈ సాయంకాలము మీ యింటి పెద్దలు కొంగుతో కన్ను తుడుచుకొనుచున్నచో, మనసులో ఏమేమో ఊహించుకొనక, ప్రక్కన కూర్చుండి యడుగుడు. నేను రెండు మాసములు ఆలస్యము చేసితిని.